నిండు సభలో

వార్డు సభ ముగిసింది. బయట తండ్రి స్కూటర్ తీశాడు. కూతురు ఎక్కలేదు.

"రా అమ్మా, ఇంటికెళ్దాం."

"నేను నడిచొస్తాలే నాన్నా."

"ఏమైందే? రోడ్డు వెడల్పు చెయ్యాలన్న మన మాటే నెగ్గిందిగా!"

"నెగ్గింది. వద్దని చెప్పడానికి దర్జీ అత్త లేస్తే నువ్వేం చేశావు?"

"ఆవిడ నత్తి చూసి... ఏదో సరదాకి అన్నాను. అందరూ నవ్వారుగా."

"ఆవిడలాగే నత్తిగా మాట్లాడి చూపించావు. అందుకే నవ్వారు. పాపం, మాట మధ్యలోనే కూర్చుండిపోయింది."

"ఇంతకీ ఏం చెప్పబోయింది?"

"ఎవరికి తెలుసు? నువ్వు చెప్పనిస్తేగా!"

ఆయన స్కూటర్ ఆపి స్టాండు వేశాడు.

"తల కొట్టేసినట్టుంది తల్లీ. రేపు ఆవిడ కొట్టుకెళ్ళి క్షమించమంటాను."

"నవ్వించింది నిండు సభలో. క్షమాపణ చాటుగానా?"

"ఇంకా లోపలే ఉందా?"

"ఉంది. అందరూ వెళ్ళాక లేద్దామని కూర్చుంది."

ఆయన గబగబా లోపలికి నడిచాడు.

"అయ్యా, దయచేసి ఎవరూ వెళ్ళకండి. ఇందాక నేను చేసింది తప్పు. సిగ్గుమాలిన పని. అమ్మా, మీరు చెప్పండి. ఎంతసేపైనా వింటాం."

కుర్చీలు మళ్ళీ నిండాయి. ఆమె మాత్రం తలెత్తలేదు.