వినబడని వాక్యం: శ్రీమతి మ్యూరియల్ ఆస్పినాల్ గారి ముప్పై ఏళ్ల నాటక సేవ

1956 సెప్టెంబరు మూడవ తేదీ సోమవారం నాడు మాంచెస్టర్‌లోని మన టెలివిజన్ నాటక విభాగంలో ప్రాంప్టరుగా అడుగుపెట్టిన శ్రీమతి మ్యూరియల్ ఆస్పినాల్ గారు, ముప్పై సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేయుచున్నారు. పొగిడితే వారికి ఒళ్లుమంటని తెలిసీ ఈ సాహసానికి పూనుకొంటున్నాము.

వారం వారం కొత్త కథతో, కొత్త రచయితతో సాగిన మన 'గురువారపు వేదిక' నాటకమాలకు వారు 1964లో కథాసంపాదకులైనారు. తపాలాలో వచ్చిన ప్రతి నాటకాన్నీ, గని కార్మికుడు రాసినా సరే, చివరి పుట దాకా చదివి స్వదస్తూరీతో జవాబివ్వడం వారి నియమం. ధారావాహికల వెల్లువలో ఈ విడి నాటకాలెందుకని పైవారు పెదవి విరిచిన రోజున, "పాత ముఖాలే మళ్లీ వస్తే జనం చూస్తారు, సరే. మరి కొత్త రచయిత ఎక్కణ్నుంచి ఊడిపడతాడండీ?" అని సభలోనే నిలదీశారు. నాటకమాల మరో పదకొండేళ్లు నడిచింది.

నిజానికి వారి ఉద్యోగం మొదటి ఏడాదే ఊడవలసింది. అవి నాటకాలు ప్రత్యక్షంగా ప్రసారమయ్యే రోజులు. నటుడు మాట మరిస్తే ప్రాంప్టరు ఒక మీట నొక్కి ధ్వని ఆపి, మాట అందించి, మీట వదిలేవారు. ఇళ్లలోని వారు పెట్టె పాడైందనుకొని దాని నెత్తిన ఒకటి వేసేవారు.

1957 మార్చిలో ఒక బట్టల మిల్లు నేతగత్తె కొడుకు రాసిన తొలి నాటకం. ముసలి నేతగాడు భార్యతో, "ముప్పై ఏళ్లు నీ పక్క మగ్గం మీదే నేశాను. నీ పాట ఒక్కసారీ వినలేదు" అనాలి. నటుడు గుండె బరువెక్కి ఆగాడు. మరచిపోయాడనుకొని మ్యూరియల్ గారు మీట నొక్కారు. కంగారులో వదలడం మరిచారు. నటుడు పలికినా ఆ వాక్యం దేశంలో ఎవరికీ వినబడలేదు. ఆమెను తొలగించమని రచయిత నిప్పులు కక్కుతూ ఉత్తరం రాశాడు. ఆ రచయిత ఈ వ్యాసకర్తే.

"యంత్రం మీదకి తోసెయ్యమ్మా, ఎవడడుగుతాడు?" అన్నాడు ఇంజనీరు.

"నొక్కింది నా వేలండీ," అన్నారావిడ. తప్పు ఒప్పుకొని, ఆదివారం బస్సెక్కి బర్న్‌లీలో మా అమ్మ దగ్గరికే వెళ్లారు.

"క్షమాపణెందుకే పిల్లా? మగ్గాల హోరులో బతికినోళ్లం, మా వీధిలో పెదాలు చదవలేని ఆడదుందా? ఆ మాట అందరం చూశాం," అంది అమ్మ.

"అయినా వినబడలేదు కదండీ."

"మా ఆయన నాతో అన్నప్పుడు మాత్రం వినబడిందేంటి? మగ్గాలు ఆడుతుండగానే అన్నాడు. మొన్న అచ్చం అలాగే ఉంది. కూర్చో, టీ తాగు." ఆ సాయంత్రమే నాకు కబురొచ్చింది: "ఒరేయ్ క్లిఫ్, ఆ ఉత్తరం వెనక్కి తీసుకో. తీసుకోకపోతే గడప తొక్కకు."

ఉత్తరం వెనక్కి తీసుకున్నాను. ఆ తర్వాత రాసిన తొమ్మిది నాటకాలను వారే దిద్దారు. క్షమించమని మాత్రం ఇరవై తొమ్మిదేళ్లుగా నోరు పెగలలేదు. ఇప్పుడు సహోద్యోగుల ఎదుట, మీ కుటుంబం ఎదుట అడుగుతున్నాను. మ్యూరియల్ గారూ, ఆనాడు మీ పొట్ట కొట్టబోయిన నన్ను మన్నించండి. మీవారు హెరాల్డ్ గారితో కలిసి ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లండి. తీరిక దొరికింది కనుక, ఇకనైనా మీ నాటకం మీరు రాయండి. చివరి పుట దాకా నేను చదువుతాను.

— క్లిఫర్డ్ హోల్డెన్