పొడవు పేర్ల ఫైళ్లు పోనన్నాయి

సభకు పెద్దగా కూర్చున్న మా పెద్దసారు గారికి, మేం గీసిన గీతల్ని నిజంగానే గోడలుగా లేపి ఇవాళ ముఖ్య అతిథిగా వచ్చిన మేస్త్రీ గారికి, పెద్దలకి, ఒకే స్టాండు ఫ్యాను ముందు ఇన్నేళ్లు కూర్చుని అది ఎవరివైపు తిరగాలని నాతో రోజూ పోట్లాడిన నేస్తాలకి, మొదటి వరసలోంచి "తొందరగా ముగించు" అని అప్పుడే కళ్లతో సైగ చేస్తున్న మా ఆయనకి నమస్కారం. (నవ్వులు) ముగించనండీ. ఇంట్లో మీరు మాట్లాడతారు, నేను వింటాను. ఇవాళ మైకు నా చేతిలో ఉంది.

అందరూ నా గురించి ఎంతో మంచిగా చెప్పారు. శ్రద్ధ అన్నారు, ఓర్పు అన్నారు. వింటుంటే ఈ రిటైరయ్యే ఆవిడెవరో నాకూ పరిచయం చేసుకోవాలనిపించింది. కానీ నా అసలు జబ్బు గురించి ఒక్కరూ నోరు విప్పలేదు. నేను ఫైళ్లకి పెట్టే పేర్లు! (నవ్వులు) అదిగో, అకౌంటెంటు గారు రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. మాది ఇళ్లకీ షాపులకీ ప్లాన్లు గీసే ఆఫీసు. ఇక్కడ మార్పులన్నీ నోటిమాట మీదే నడుస్తాయి. పెద్దసారు నా కుర్చీ వెనక నిలబడి, "మెట్లు ఎడమకి జరపమ్మా" అని వెళ్లిపోతారు. వారం తిరక్కుండా అదే కుర్చీ వెనక నిలబడి, "మెట్లు ఎడమకి ఎవరు జరపమన్నారమ్మా?" అంటారు. (నవ్వులు) నవ్వకండి, సారు కూడా నవ్వుతున్నారు, అది ఇంకా ప్రమాదం. పోనీ రాసివ్వండి సారూ అంటే, "నామీద నమ్మకం లేదా?" అని మొహం ముడుచుకుంటారు. నమ్మకం ఉంది సారూ, మీ జ్ఞాపకశక్తి మీదే కాస్త అనుమానం. అందుకని ఆయన చెప్పిన ముక్కని చెప్పినట్టే ఫైలు పేరులో పెట్టడం మొదలుపెట్టాను. "మెట్లు ఎడమవైపు ఉండాలని పెద్దసారు మంగళవారం టీ తాగుతూ స్వయంగా చెప్పగా జరిపినది." దాని తర్వాతది, "ఎడమకి ఎందుకు జరిపావని పెద్దసారే కోప్పడగా మళ్లీ కుడికి తెచ్చినది, ఇక ఎవరూ ముట్టుకోవద్దు." మేస్త్రీ గారైతే ఒకసారి, "ప్లాను విప్పక్కర్లేదక్కయ్యా, పేరు చదివితే చాలు, గోడ లేపేస్తా" అన్నారు. అవునా కాదా మేస్త్రీ గారూ? చూడండి, తల ఊపుతున్నారు.

ఈ జబ్బు ఇంట్లోనూ ఉంది. మా ఇంట్లో ఒక తాళంచెవికి "ఏ తాళానిదో తెలియదు, అయినా పారేయొద్దు" అని చీటీ కట్టి ఉంటుంది. దాన్ని చూసినప్పుడల్లా మా ఆయన నావైపు చూసి నిట్టూరుస్తారు.

మొన్న సారు పిలిచి, "వెళ్లేముందు నీ కంప్యూటరు ఖాళీ చేసి అప్పగించమ్మా" అన్నారు. కంప్యూటర్లు బాగుచేసే బావగారు వచ్చారు. అకౌంటెంటు గారి చెల్లెల్ని చేసుకున్నందుకు ఆయన ఆఫీసంతటికీ బావగారే. పాత ఫైళ్లన్నీ ఒక్క ఊపున తీసెయ్యబోతే, "పేరు మరీ పొడవుగా ఉంది, తీయలేను" అంది కంప్యూటరు. పెట్టనిచ్చినప్పుడు లేని బాధ ఇప్పుడెందుకండీ దీనికి, అన్నాను. "పాత కంప్యూటరు చెడిపోయినప్పుడు ఇవన్నీ తెచ్చి ఫోల్డరులో ఫోల్డరు, దాన్లో ఇంకో ఫోల్డరుగా పెట్టాం కదక్కయ్యా. ఆ ఫోల్డర్లకీ మీరే పేర్లు పెట్టారాయె! ఇది అన్ని పేర్లూ కలిపి కొలుస్తుంది. ఒక్కోదాని పేరూ కత్తిరిస్తేగానీ పోదు" అన్నారాయన.

ఇక చూడండి మా ఆఫీసు సంబరం. పని మానేసి అందరూ కుర్చీలు లాక్కొచ్చారు. బావగారు గట్టిగా చదవడం, వీళ్లు పడీపడీ నవ్వడం, ఆయన పేరు కత్తిరించి తీసెయ్యడం. అలా నవ్వుతూ నవ్వుతూ ఉండగా కళ్లజోళ్ల షాపు ప్లాను వచ్చింది.

ఆ షాపు సంగతి మీకు తెలుసు. వెనకగది తలుపు లోపలికి తెరుచుకుని, బీరువాకి తగిలి, సగంలో ఆగిపోతుంది. యజమాని పక్కకి తిరిగి దూరాల్సొస్తోంది. ఆయన ఆకారం చూసినవాళ్లకి ఆ కష్టం వేరే చెప్పక్కర్లేదు. (నవ్వులు) ఆయన వచ్చి గొడవ చేస్తే, సారు మీటింగులో, "ఆవిడకి వయసైపోయింది, చూసుకోలేదు" అన్నారు. అసలు సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఇన్నేళ్లు గీసి, చివరికి ఒక తప్పు గీత నా నెత్తిన పెట్టుకుని వెళ్తున్నానని బాధగా ఉండేది. చాలా బాధగా ఉండేది.

బావగారు అదే ఊపులో చదివేశారు. "తలుపు బయటికి తెరుచుకుంటే మేలని నేనంటే, కాదు లోపలికే అని పెద్దసారు గొడుగు దులుపుతూ రెండుసార్లు చెప్పగా గీసినది." ఎవరూ నవ్వలేదు. తిరిగి చూస్తే సారు, ఎప్పట్లాగే, నా కుర్చీ వెనక నిలబడి ఉన్నారు.

బావగారు గాభరాపడి కత్తిరించబోతే, "ఆగవయ్యా" అన్నారు. ఆ ఫైలుని ఫోల్డర్లలోంచి బయటికి తెప్పించి, నన్ను లేపి, నా కుర్చీలో కూర్చున్నారు. ఎవరికీ ఒక్క ముక్క రాసివ్వని మనిషి, ఒంటి వేలితో అక్షరాలు వెతుక్కుంటూ దానికి కొత్త పేరు పెట్టారు. "ఈ తలుపు లోపలికి పెట్టమన్నది నేనే, ఆవిడ వద్దని చెప్పినా నేను వినలేదు, ఆవిడ గీతలో తప్పు లేదు, ఆ మాటకొస్తే మెట్లు కూడా నేనే జరపమన్నాను." (చప్పట్లు) తర్వాత, "ఎక్కడ్నుంచి తీశావో అక్కడే పెట్టు" అని బావగారికి చెప్పి, నావైపు చూడకుండా వెళ్లిపోయారు. సారూ, ఆ రోజు నేనూ మీవైపు చూడలేదు, చూస్తే ఏడుస్తానని. ఇవాళ చూసి చెప్తున్నాను. నా మనసు తేలికపడింది.

మా ఆయన వాచీ చూస్తున్నారు, వస్తున్నానండీ. నన్ను భరించినందుకు అందరికీ ధన్యవాదాలు. రేపట్నుంచి నా కుర్చీలో కూర్చోబోయే అమ్మాయికి ఒక్క మాట. కంప్యూటరు పూర్తిగా ఖాళీ కాలేదమ్మా, ఒక్క ఫైలు ఉండిపోయింది. నిన్న ఇంటికెళ్లేముందు, ఏమంటుందో చూద్దామని, దాన్ని నేనే తీసెయ్యబోయాను. "పేరు మరీ పొడవుగా ఉంది, తీయలేను" అంది.

సెలవు.