ఎర్హూ కమాను లాగిన వీరాంజనేయులు

శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర డబ్లిన్ ఊరి పార్కులో పొద్దున వాకింగ్ అయ్యాక తెలుగువాళ్ళు చేరే బెంచీలు రెండున్నాయి. అక్కడ టీ కొండల్ రావు ఫ్లాస్కులోంచి వస్తుంది, కోతలు వీరాంజనేయులు నోట్లోంచి వస్తాయి. టీ అయిపోతుంది గానీ కోతలు అయిపోవు.

ఆ ఆదివారం మాత్రం కొండల్ రావు ఒక పని పెట్టుకుని వచ్చాడు. పక్కన కూర్చున్న సంహిత ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, ఒక బ్యాండులో ఎర్హూ వాయిస్తుంది. ఎర్హూ అంటే రెండే రెండు తీగలుండే చైనా వాయిద్యం, కమానుతో వాయిస్తారు. చైనా వాయిద్యాల్ని పెద్ద వయొలిన్ లాంటి సెల్లోతో, గిటారుతో కలిపి కచేరీలు చేసే ఆ బ్యాండుకి ఇప్పుడు మృదంగం మనిషి కావాలి. వీరాంజనేయులు గరాజ్‌లో వాయించుకుంటుంటే బయట నిలబడి గంటసేపు విన్నవాడు కొండల్ రావు. అందుకే "మా దోస్తు ఉన్నడు బిడ్డా, ఒక్కసారి వచ్చి కలువు" అని ఆ పిల్లని పిలిచాడు. సంగతి వీరాంజనేయులుకి చెప్పలేదు. చెబితే రెచ్చిపోతాడని భయం. చెప్పకపోయినా రెచ్చిపోతాడని అప్పుడు తట్టలేదు పాపం.

"మొన్న ఫ్రీమాంట్‌లో చైనా బ్యాండు కచేరీకి వెళ్ళానమ్మా," అని మొదలుపెట్టాడు వీరాంజనేయులు, కొత్త మొహం కనబడగానే కాలర్ సర్దుకుని.

సంహిత చేతిలో కప్పు ఆగింది. అది వాళ్ళ బ్యాండే.

"ఊరికే చూసొద్దామని వెళ్ళా. స్టేజీ మీద నలుగురు. ఒకరు ఎర్హూ, ఒకరు పీపా, అంటే ఒళ్ళో నిలబెట్టి మీటేది, ఒకాయన సెల్లో, ఇంకొకడు గిటారు. పాట మాంచి ఊపు మీదుండగా సెల్లో ఆయన కమాను టప్పున విరిగింది! హాలంతా గుండెలు పట్టుకుంది. అప్పుడు నేనేం చేశానో తెలుసా?"

"ఇంటికొచ్చేసి ఉంటారు," అంది గిరిజ. ఆవిడ ఆ బెంచీలకి రోజూ వచ్చే మనిషి, ఈయన సంగతి బాగా తెలుసు.

"రావడమా! ఒక్క గెంతులో స్టేజీ ఎక్కా. ఎర్హూలోంచి కమాను సర్రున లాగి సెల్లో ఆయనకి విసిరా. అది గాల్లో ఉండగానే ఒక స్వరం పలికింది గిరిజమ్మా!"

కొండల్ రావు గట్టిగా దగ్గాడు.

"జలుబా రావుగారూ? వేడి వేడి టీ పోసుకోండి. మరి ఎర్హూకి కమాను లేదుగా, దాన్ని వేలితో నేనే మీటా. ఎడమ చేత్తో పీపా, కుడి చేత్తో గిటారు, మోకాలితో డ్రమ్ము..."

"ముక్కుతో ఫ్లూటు వాయించలేదా?" అంది గిరిజ.

"వాయించేవాణ్ణే. అన్నీ మనమే చేస్తే పక్కవాళ్ళు చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పార్కింగ్ లాట్‌లో కార్ల అలారాలన్నీ మోగాయి, అదీ తాళం తప్పకుండా!"

కొండల్ రావు ఆయన కాలు తొక్కాడు. హుషారు చేస్తున్నాడనుకుని వీరాంజనేయులు గొంతు పెంచాడు.

"శాన్‌ఫ్రాన్సిస్కో మీద పొగమంచు నిలువునా చీలింది. షాంఘై నుంచి ఫోను! 'అయ్యా, ఇక్కడ గోడలకి తగిలించిన ఎర్హూలన్నీ వాటంతటవే మోగుతున్నాయి, మా వల్ల కావట్లేదు, దయచేసి ఆపండి' అని ఒకటే బతిమాలడం!"

సంహిత కాళ్ళ దగ్గరున్న పొడుగాటి పెట్టె తెరిచి, ఎర్హూ తీసి ఆయన చేతిలో పెట్టింది.

"అంకుల్, ఈ బో బయటికి లాగి చూపించండి," అంది కమాను చూపిస్తూ.

వీరాంజనేయులు ఇటు లాగాడు, అటు లాగాడు. రాలేదు. ఎర్హూ కమాను వెంట్రుకలు రెండు తీగల మధ్యలోంచి పోతాయి. తీగ విప్పితే తప్ప కమాను ఊడి రాదు.

"గాల్లో పాడిన కమాను ఇదేనా అన్నయ్యగారూ?" అని గిరిజ పడీపడీ నవ్వింది. ఇక అయిపోయిందని కొండల్ రావు కళ్ళు మూసుకున్నాడు. అనవసరంగా పిలిచి మనిషిని నలుగుర్లో నవ్వులపాలు చేశానని ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది.

వీరాంజనేయులు మొహం చిన్నబోయింది. ఎర్హూని జాగ్రత్తగా తిరిగిచ్చాడు.

"వెళ్ళడం మాత్రం నిజం తల్లీ. చివరి వరసలో కూర్చున్నా. కళ్ళద్దాలు మర్చిపోయా, మనుషులు ఆనలేదు. తొడ మీద తాళం వేసుకుంటూ విన్నా." సంహిత చేతిలోని ఎర్హూ వైపు చూశాడు. "ఆ ఏడు లెక్కలో నడిచే పాట చాలా బాగుంది. మూడో ఆవర్తంలో ఎర్హూ అర మాత్ర ముందే దూకేసింది. సెల్లో ఆయన సర్దుకున్నాడు కాబట్టి సరిపోయింది."

సంహిత మొహం ఎర్రబడింది.

"అది నేనే అంకుల్. రికార్డింగ్ ఫోర్ టైమ్స్ విన్నాం. మా బ్యాండ్‌లో ఎవ్వరూ కనిపెట్టలేదు."

గిరిజ నవ్వు ఆగిపోయింది. కొండల్ రావు కళ్ళు తెరిచాడు.

"మాకు మృదంగం ప్లేయర్ కావాలి. సాటర్‌డే టెన్‌కి రిహార్సల్. మీరు రండి అంకుల్," అంది సంహిత, పెట్టె మూస్తూ. "కానీ స్టోరీస్ వద్దు."

వీరాంజనేయులు నోటిదాకా వచ్చిన కోతని మింగేశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మృదంగం ఒక్కటే తెస్తానమ్మా," అన్నాడు.