ఆదివారం బొమికల కొలిమి

సభకు పెద్దదిక్కుగా కూర్చున్న మన యజమానురాలు లొరెట్టా గారికి, గార్దోనె ఊరి పెద్దలకు, నలభై రెండేళ్ళుగా నా గొణుగుడు భరించిన కార్ఖానా మిత్రులకు, ముందు వరసలో కూర్చుని అప్పుడే గడియారం చూసుకుంటున్న మా ఆవిడకు వందనాలు. (నవ్వులు)

అమెరికా వాళ్ళ ముత్తాతలు నడుముకు కట్టుకు తిరిగిన రివాల్వర్లను మన ఇటలీలో, ఈ లోయలో కొత్తగా చేసి వాళ్ళకే అమ్ముతున్నాం కదా, వాటి చట్రాలను ఎముకల బొగ్గులో కూరి, ఎర్రగా కాల్చి, చన్నీళ్ళలో గుమ్మరిస్తే నీలం, ఊదా, తేనెరంగు మబ్బులు ఉక్కు మీద తేలేవి, ఆ కొలిమి నాది. బొగ్గుకి ఎముకలెక్కడివంటే మీ ఇళ్ళవే. ఆదివారం చువ్వలకు గుచ్చి కాల్చుకు తిన్న స్పియెదో మాంసం బొమికలు సోమవారం పొద్దున పొట్లాల్లో గేటు దగ్గరికొచ్చేవి. లొరెట్టా గారి పొట్లంలో మాత్రం ఏనాడూ మాంసం పీచు మిగిలేది కాదు. (నవ్వులు) క్షమించండమ్మా, ఇవాళ నేనే రిటైరవుతున్నాను, ఇక నన్ను తీసెయ్యలేరు.

పని నేర్చుకునే రోజుల్లో ఒకసారి బొమికలు కడక్కుండానే, ఉప్పుతో సహా మాడ్చేశాను. అరవై చట్రాలకు మశూచి పోసినట్టు మచ్చలు. మా గురువు బొర్తోలో ఒకటి చేతిలోకి తీసుకుని, "మీ ఆవిడ ఉప్పు ఎక్కువేసిందిరా ఫెర్మో!" అన్నాడు. అంతే, తిట్టలేదు. ఆయన్ని తలుచుకోకుండా ఈ వేదిక మెట్లు దిగలేను.

ఇప్పుడు రివాల్వర్‌లో తూటాను పేల్చే సుత్తి మారింది. పాత సుత్తికి తూటాను పొడిచే ముక్కు ఉండేది, బొటనవేలితో వెనక్కి లాగితే నాలుగుసార్లు టిక్కుమనేది. ఇప్పుడా ముక్కు చట్రంలోకి పోయింది, టిక్కులు రెండే. చెయ్యి జారి పడితే పేలకుండా చేసిన మార్పు, నేను కాదనను. కానీ రంగు కూడా రసాయనాల తొట్టికి పోతోందని, ఈ శుక్రవారం కొలిమి ఆర్పేస్తున్నారని గోడ మీద కాగితం అంటించారు చూడండి, ఆ పాపం లొరెట్టా గారిది కాదు. నాది.

మార్చి నెలలో ఆవిడ కొలిమి దగ్గరికొచ్చి, "నీ తర్వాత ఎవరు చూసుకుంటారు ఫెర్మో?" అని అడిగారు. నేను ఛాతీ విరుచుకుని, "ఎవరి వల్లా కాదమ్మా!" అన్నాను. పందొమ్మిదేళ్ళుగా నా పక్కన పనిచేస్తున్న నీవెస్, నీళ్ళ బకెట్ పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. ఆ మాట విని బకెట్ కింద పెట్టింది. నా తర్వాత చూసేవాళ్ళు లేరనుకుని మర్నాడే ఆ కాగితం అంటించారు.

ఇందాక మీరంతా కలిసి నాకు పాత సుత్తిని చెక్క మీద బిగించి బహుమతిగా ఇచ్చారు. దాని మీది రంగు చూడగానే నా కళ్ళు చెమర్చాయి. "ఇది నా చేతిదే, పాత రోజుల్లోది" అని అందరి ముందూ చెప్పుకున్నాను. నీవెస్ నా చెవి దగ్గర, "పెద్దాయనా, ఆ రంగు పోయిన గురువారం నేనే కాల్చి తెచ్చాను" అంది.



నా పనికీ దాని పనికీ తేడా నాకే తెలియలేదు. పొగరుతో అబద్ధమాడాను లొరెట్టా గారూ, ఆ మాట ఇక్కడే వెనక్కి తీసుకుంటున్నాను. ఏమ్మా నీవెస్, తల వంచుకోకు. తప్పు చేసినవాణ్ణి నేను. ఆ కాగితం ఉంచడమో చింపడమో మీ ఇష్టం లొరెట్టా గారూ, ఇవాళే జవాబు చెప్పనక్కర్లేదు.

మీ అందరి ప్రేమకూ, ఈ సుత్తికీ నా కృతజ్ఞతలు. ఒక్క కోరిక. ఈ ఆదివారం బొమికలు కుక్కలకు వెయ్యకండి. కడిగి, ఎప్పటిలాగే సోమవారం పొద్దున గేటు దగ్గరికి తీసుకురండి. నేను ఉండను, నీవెస్‌కు ఇవ్వండి.

సెలవు.