నాలుగు గంటలకోసారి

ఆరేళ్ల కిందట పరంజా మీంచి పడ్డాక తాపీమేస్త్రీకి నడుం కింద స్పర్శ లేదు. మధ్యాహ్నం పన్నెండు. మంచం మీద దిండ్లకానుకుని అతను. సబ్బునీళ్ల గిన్నెతో పక్కన భార్య.

“చేతులు కడుక్కో మేస్త్రీ.”

“నువ్వే పెట్టెయ్యవే. పొత్తికడుపు మీద చెయ్యేస్తే రాయిలా ఉంది.”

“ఉండదా మరి? పదకొండుకే గొట్టం పెట్టి మూత్రం తియ్యాలి. గంట నుంచీ నువ్వే మొండికేశావు.”

“తల బరువెక్కుతోంది.”

“నిండిపోతే అలాగే ఉంటుందన్నాడుగా డాక్టరు. త్వరగా కానీ. వేళ్ల సందులు కూడా.”

“ఇవాళ్టికి నువ్వు చెయ్యి. రేపట్నుంచి...”

“రేపు నేనుండను. చెల్లెలికి ఆపరేషను, నాలుగు రోజులు పడుతుంది. రెండింటికి బస్సు.”

“నర్సుని మాట్లాడు.”

“నాలుగ్గంటలకోసారి వచ్చే నర్సు ఎక్కడుంది? ఆరేళ్లు. అమ్మ పోయినప్పుడు కూడా గడియారం చూసుకుంటూ ఏడ్చి వచ్చాను.”

“నాకు చేతకాదు.”

“అంతంత గోడలు లేపిన చేతులకి ఇంత గొట్టం బరువా? ఇదిగో, కొత్తది. కొస ముట్టుకోకు.”

“ఇప్పుడేం చెయ్యాలి?”

“చెబుతాగా. జెల్లీ రాయి. పైకెత్తి పట్టుకుని మెల్లిగా తొయ్యి. అడ్డం తగిలితే బలవంతం చెయ్యకు, ఆగి—”

“తెలుసు.”

“ఊపిరి వదిలి—”

“వదిలాను. ఇక్కడ కాస్త కిందికి వంచాలి. డబ్బా పెట్టు.”

“వచ్చింది. వచ్చింది మేస్త్రీ.”

“ఇంకో అంగుళం పోనివ్వాలి, లేకపోతే మధ్యలో ఆగిపోతుంది.”

“...అది నేను చెప్పలేదే.”

“ఏది?”

“వంచడం. అంగుళం.”

“ఇన్నేళ్లుగా చూస్తున్నా కదా.”

“ఏం చూశావు? నేను చేసినంతసేపూ గోడవైపు తిరిగుంటావు.”

“అయిపోయింది. మెల్లిగా లాగితే అడుగున మిగిలింది కూడా దిగుతుంది. చూడు, దిగుతోంది.”

“నావైపు చూసి చెప్పు. ఎవరు నేర్పారు?”

“నీకు బస్సు టైమవుతోంది.”

“ఎవరు?”

“ఆస్పత్రిలో నర్సు. ఇంటికి పంపే ముందు వారం.”

“ఆరేళ్ల కిందటా?”

“నేను పడ్డ రోజు పొద్దున మంచం కింద నీ పెట్టె చూశాను. నన్నొదిలి పోవడానికి సర్దుకున్నావు. నాకు చేతనవునంటే, మళ్లీ అది బయటికి లాగుతావని చెప్పలేదు.”