మెట్ల మీద కూర్చున్న పెద్దక్కగారు

1991 జూన్ పదిహేడవ తేదీ సోమవారం నాడు మన క్లినిక్‌లో సోషల్ వర్కరుగా బాధ్యతలు స్వీకరించిన పెద్దక్కగారికి, మందుల గది పక్కన ఒక కుర్చీ చూపించారు గానీ, వారి పని ఏమిటో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. "డాక్టరు కాదు, నర్సు కాదు, మరి మీరేం చేస్తారండీ?" అని అటెండరు అడిగితే, "నాకూ ఇంకా తెలీదు బాబూ, చూద్దాం" అని నవ్వారట.

గదిలో "అంతా బాగానే ఉందండీ" అనే రోగులు, వెళ్లిపోతూ గేటు దగ్గర అసలు మాట బయటపెడతారని వారు అనతికాలంలోనే గ్రహించారు. నాటి నుండి ప్రతి ఒక్కరినీ గేటు దాకా సాగనంపడం వారి నిత్యకృత్యమైంది. "పెళ్లివారిని పంపినట్టు ఏమిటండీ ఇది?" అని డాక్టరుగారు ఆటపట్టించినా మానలేదు.

పదోన్నతి పొంది, కొత్తవారికి శిక్షణనిచ్చే స్థాయికి చేరిన తరువాత కూడా ఆ నడక ఆగలేదు. ఆ రోజుల్లోనే క్షయవ్యాధికి చికిత్స పొందుతున్న ఒక దర్జీ గేటు దగ్గర తల వంచుకుని, "మందులు మానేశానమ్మా. మా ఆవిడ భయపడి పాపను తీసుకుని పుట్టింటికెళ్లిపోయింది. ఇంకెవరి కోసం వేసుకోను?" అన్నాడు. మానితే ప్రాణానికే ముప్పు. వారు అతనిని చెయ్యి పట్టుకుని డాక్టరుగారి దగ్గరకు తీసుకువచ్చారు. మందులు మళ్లీ మొదలై, ఇక వ్యాధి ఇతరులకు సోకదని పరీక్షల్లో తేలగానే, అతని అత్తవారింటికి బయలుదేరారు.

జబ్బు ఇక ఎవరికీ అంటదని చెబుతుండగానే అత్తగారు ముఖం మీదే తలుపు వేశారు. పెద్దక్కగారు మండుటెండలో మెట్ల మీద కూర్చున్నారు. చాలాసేపటికి అత్తగారు తలుపు ఓరగా తెరిచారు.

"అంత నమ్మకమైతే నువ్వు అతని పక్కన కూర్చుంటావా?"

"పొద్దున కూర్చునే వచ్చానమ్మా. జాకెట్టు కూడా కుట్టించుకున్నాను. కాస్త బిగుతుగా కుట్టాడు, అది వేరే సంగతి."

లోపల ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ వారంలోనే ఆ ఇల్లాలు పాపతో భర్త దగ్గరకు చేరింది. అతని వ్యాధి పూర్తిగా నయమైంది.

పెద్దక్కగారి పదవీ విరమణ సందర్భంగా తెస్తున్న ఈ సంచిక కోసం ఆ ఇల్లాలిని పలకరిస్తే కళ్లు తుడుచుకుంది. "నాకూ వెళ్లాలనే ఉండేదండీ, మా అమ్మకు ఎదురుచెప్పే ధైర్యం లేదు. కిటికీలోంచి చూసినప్పుడల్లా ఆవిడ అక్కడే ఉన్నారు. ఆవిడ లేచి వెళ్లిపోయుంటే, నేనూ ఆగిపోయేదాన్ని."

ఇకపై ఎవరి వాకిటా ఎండలో కూర్చోవద్దని పెద్దక్కగారికి చెప్పాలని ఉంది గానీ, చెప్పినా వినరని మాకు తెలుసు. కనుక వారికి నిండు ఆరోగ్యం, సుదీర్ఘ ఆయుష్షు, మనవలతో తీరిక కలగాలని, ఎక్కడ కూర్చున్నా హాయిగా లేవనిచ్చే మోకాళ్లు కలకాలం తోడుండాలని మనసారా కోరుకుంటున్నాము.