బల్ల చుట్టూ ఆరు అడుగులు

నా పేరు కొల్లిపర నాంచారమ్మ. వయసు అరవై తొమ్మిది. భర్త లేరు. న్యూజెర్సీ రాష్ట్రం పార్సిప్పనీలో కూతురు శశికళ, అల్లుడు, మనవరాలు హంసికతో ఉంటున్నాను. చదువు లేదు. పిండివంటలు చేసి ఇండియన్ స్టోర్లకు పంపే వంటశాలలో మూడేళ్లుగా జంతికలు వేస్తున్నాను. ఈ సంగతి చెప్పడం ఇది మూడోసారి. మొదట మేనేజరుకి, తర్వాత ఇన్సూరెన్సు మనిషికి, ఇప్పుడు లేబర్ ఆఫీసులో మీకు.

పగలంతా ఇంట్లో పలికే మనిషి ఉండరు. నలుగురితో మాట్లాడుకోవచ్చని ఆ పనిలో చేరాను. మా బల్ల దగ్గర అందరమూ తెలుగువాళ్లమే. మేనేజరు భీమశంకరం కూడా తెలుగువాడే, మాది ఒకటే జిల్లా. పోయిన వేసవిలో పెద్ద సూపర్‌మార్కెట్ వాళ్లు చూడటానికి వస్తున్నారని ఒక రూలు పెట్టాడు. పని చేసేచోట ఇంగ్లీషే మాట్లాడాలి. మూడు వార్నింగులైతే పని పోతుంది. ఆ రూలు మాకు తెలుగులోనే చెప్పాడు.

పిండిలో ఉప్పు చాలలేదన్నందుకు నాకు మొదటి వార్నింగు. ట్రే జారితే అయ్యో అన్నందుకు రెండోది. అయ్యోకి ఇంగ్లీషులో ఏమనాలి బాబూ అని అడిగాను. కాగితం మీద నా పేరు పక్కన రెండో గీత గీశాడు.

అక్టోబరు పదిహేను, మంగళవారం. పది గంటల టీ అయి వచ్చి రెండు వాయిలు తీశాం. మూడో వాయి, నన్ను అత్తా అని పిలిచే మా బల్ల పిల్ల ఛాయాదేవి తీసింది. నేను బల్లకు ఇవతల పిండి కలుపుతున్నాను. నూనె తొట్టి కింద గొట్టం మూత ఊడింది. కాగిన నూనె ఆమె వెనక నేల మీదికి కారుతోంది. ఆమె తొట్టికి వీపు పెట్టి బల్ల మీద ట్రే నింపుకుంటోంది. నిండగానే వెనక్కి తిరగకుండా వెనక్కే అడుగేస్తుంది, అది ఆమె అలవాటు. నాకు తెలుసు.

నాకు కనబడింది. నోరు తెరిచాను. మేనేజరు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. నోరు మూశాను. చెయ్యి పట్టుకుని లాగుదామని బల్ల చుట్టూ నడిచాను. ఆరు అడుగులు. నాలుగో అడుగులో ఉండగా ఆమె వెనక్కి వచ్చింది. రెండు పాదాలూ కాలాయి. జంతికలు నేలంతా పడ్డాయి. ఒకటి నా చెప్పు కింద నలిగిన చప్పుడు వినబడింది.

ఛాయాదేవి కింద పడి నన్నే చూసింది. “చూస్తూనే ఉన్నావు కదత్తా. ఒక్క కేక వెయ్యలేకపోయావా” అంది.

వెయ్యలేదు. గొంతు ఉంది, వెయ్యలేదు.

ఛాయాదేవి అజాగ్రత్త వల్ల జరిగిందని కంపెనీ కాగితం రాసిందట. అది నిలబడితే ఆమెను పనిలోంచి తీసేస్తారు. ఇంకా కర్ర లేకుండా నడవలేదు ఆ పిల్ల.

పోయిన ఆదివారం మధ్యాహ్నం భీమశంకరం మా ఇంటికి వచ్చాడు. కాఫీ తాగాడు.

“పిన్నిగారూ, మీరు అరిచారు, ఆవిడే వినిపించుకోలేదు. అంతే చెప్పండి చాలు” అన్నాడు.

“ఏ భాషలో అరిచానని చెప్పను నాయనా? తెలుగులో అంటే నీ మూడో వార్నింగు. ఇంగ్లీషులో అంటే నాకు రాదు. నువ్వే ఒకటి చెప్పిపో” అన్నాను.

“మీరు పెద్దవారు, మీకెందుకు ఇవన్నీ” అన్నాడు.

“పెద్దదాన్ని కనకనే నాకు” అన్నాను. కప్పు కింద పెట్టి వెళ్లిపోయాడు.

ఎందుకు అరవలేదని మీరు అడిగారు. పని పోతుందని అరవలేదు. ఛాయాదేవి తప్పు ఇందులో ఆవగింజంత లేదు. రూలు పెట్టినవాడిది ఉంది, దానికి భయపడిన నాది ఉంది. నాది తీసేసి రాయొద్దు.

ఇదంతా నా నోటితో తెలుగులో చెప్పాను. ఇందులో కల్పించింది లేదు, దాచింది లేదు. నా మాట మీకు ఇంగ్లీషులో చెప్పే రష్మి గారు రాసుకుని రెండుసార్లు చదివి వినిపించారు. ఛాయాదేవి పేరు పక్కన అజాగ్రత్త అన్న మాట నా మాటగా ఎక్కడైనా పడిందా అని అడిగాను. లేదన్నారు. అందుకే వేలిముద్ర వేస్తున్నాను.

కొల్లిపర నాంచారమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు: రష్మి, తెలుగు ఇంటర్‌ప్రెటర్
హంసిక, మనవరాలు